డాక్టర్ హూ: అరవై ఏళ్ల కథకు పునాదులు మార్చిన ఎపిసోడ్లు

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయి పేరు చెప్పగానే రెండు విషయాలు గుర్తుకొస్తాయి. ఒకటి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన స్టీల్ ప్లాంటు. రెండోది, అదే ప్లాంటులో ఉద్యోగం చేసిన పండవానీ గాయని తీజన్ బాయి. భిలాయికి దగ్గర్లోని గనియారి గ్రామంలో పుట్టిన ఆమె తంబూరా పట్టుకుని నిలబడితే, ఆ తంబూరాయే ఒక క్షణం భీముడి గద అవుతుంది, మరుక్షణం అర్జునుడి విల్లు అవుతుంది.

మహాభారతాన్ని పాటగా, మాటగా, అభినయంగా చెప్పే పండవానీలో రెండు శాఖలున్నాయి. వేదమతి శాఖవారు గ్రంథానికి కట్టుబడి ఉంటారు. సబల్ సింగ్ చౌహాన్ హిందీలో రాసిన పద్య భారతం వారికి ప్రమాణం. కాపాలిక శాఖవారికి కథ కపాలంలో, అంటే జ్ఞాపకంలో ఉంటుంది. సందర్భాన్ని బట్టి పెంచుతారు, మలుపు తిప్పుతారు, ఊళ్లో నిన్న జరిగిన విషయాన్ని కూడా కథలోకి తెస్తారు. తీజన్ బాయిది కాపాలిక శాఖ. ఆడవాళ్లు పాడితే కూర్చునే పాడాలన్న రోజుల్లో ఆమె నిలబడి పాడారు. పండవానీ పాడినందుకు సొంత కులంవారే ఆమెను వెలివేశారు. తర్వాత అదే గొంతుకు పద్మవిభూషణ్ వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. ‘మాయాబజార్’ చూసినవాళ్లెవరికైనా శశిరేఖ తెలుసు. కానీ వ్యాస భారతంలో శశిరేఖ లేదు. బలరాముడి కూతురికీ అభిమన్యుడికీ పెళ్లి జరిగిన ముచ్చటా లేదు. జనం చెప్పుకున్న కథలోంచి ఆమె నాటకంలోకి, అక్కణ్నుంచి సినిమాలోకి వచ్చింది. ఇప్పుడు ఆమె లేని భారతాన్ని ఊహించుకోవడం మనకు కష్టం.

కథ ఎవరిది? దాన్ని మార్చే హక్కు ఎవరికుంది? మారిన కథ ఎప్పుడు నిజమైన కథ అవుతుంది? సరిగ్గా ఇవే ప్రశ్నలపై బ్రిటన్‌లో ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ చుట్టూ దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. ఆ సీరియల్ పేరు ‘డాక్టర్ హూ’. 1963లో మొదలై, మధ్యలో ఒక పెద్ద విరామం తీసుకుని, 21వ శతాబ్దంలోనూ సాగిన ఈ కథలో పునాది అనుకున్నది కనీసం ఏడెనిమిది సార్లు మారింది. ఏ ఎపిసోడ్‌లో ఏం మారింది, ఎందుకు మారింది, అందులో ఏది నిలిచింది అన్నది ఈ కథనం.

మొదట్లో ఏముంది?

1963 నవంబర్ 23న, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన మర్నాడు, బీబీసీలో ‘యాన్ అనర్త్‌లీ చైల్డ్’ అనే తొలి ఎపిసోడ్ ప్రసారమైంది. దేశమంతా హత్య వార్తల్లో మునిగి ఉండటంతో వారం తర్వాత రెండో ఎపిసోడ్‌కు ముందు దాన్ని మళ్లీ వేశారు. దర్శకుడు వారిస్ హుస్సేన్. లక్నోలో పుట్టిన ఆయనకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. నిర్మాత వెరిటీ లాంబర్ట్. ఈ కార్యక్రమానికి బీజం వేసింది కెనడా నుంచి వచ్చిన బీబీసీ డ్రామా విభాగాధిపతి సిడ్నీ న్యూమన్. పిల్లలకు చరిత్ర, విజ్ఞానశాస్త్రం వినోదంగా చెప్పాలన్నది ఆయన ఉద్దేశం.

ఆ ఎపిసోడ్‌లో ప్రేక్షకులకు తెలిసింది చాలా తక్కువ. లండన్‌లో ఒక పాతసామాను దొడ్డిలో నీలిరంగు పోలీసు పెట్టె ఉంటుంది. బయటికి చిన్నది, లోపల విశాలమైన గది. అది కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే వాహనం, పేరు టార్డిస్. దాని యజమాని ఒక చిరాకు ముసలాయన, ఆయన పక్కన మనవరాలు సూసన్. తమ లోకం నుంచి దూరమై తిరుగుతున్నామని అంటాడు తప్ప, ఏ లోకమో చెప్పడు. పేరు అడిగితే ‘డాక్టర్’ అంతే.

ఇప్పుడు ఈ సీరియల్ గురించి ఏ కొంచెం తెలిసినవాళ్లయినా చెప్పే విషయాలు, అంటే డాక్టర్ గ్యాలిఫ్రే అనే గ్రహం నుంచి వచ్చాడనీ, టైమ్ లార్డ్స్ జాతివాడనీ, రెండు గుండెలుంటాయనీ, చనిపోయే సమయంలో కొత్త శరీరం ధరిస్తాడనీ, ఇవేవీ ఆ రోజు లేవు. రాసినవాళ్లకు కూడా తెలియవు. అన్నీ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

1966: ‘ది టెన్త్ ప్లానెట్’లో నటుడు మారాడు, పాత్ర బతికింది

తొలి డాక్టర్‌గా నటించిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం 1966 నాటికి బాగా దెబ్బతింది. డైలాగులు గుర్తుండటం కష్టమైంది. సీరియల్‌కేమో మంచి ఆదరణ ఉంది. సాధారణంగా ఇలాంటప్పుడు రెండే దారులుంటాయి. కథ ముగించాలి, లేదా ఏమీ జరగనట్టు మరో నటుణ్ని అదే వేషంలో నిలబెట్టాలి. నిర్మాత ఇన్నెస్ లాయిడ్ బృందం మూడో దారి పట్టింది. మార్పునే కథలో భాగం చేసింది.

1966 అక్టోబర్ 29న ప్రసారమైన ‘ది టెన్త్ ప్లానెట్’ చివరి భాగంలో, సైబర్‌మెన్ అనే యాంత్రిక మానవులతో పోరాటం ముగిశాక, అలసిపోయిన డాక్టర్ టార్డిస్ నేలమీద కుప్పకూలుతాడు. ముఖం వెలుగులో కరిగి మరో ముఖమవుతుంది. ఆ ముఖం పాట్రిక్ ట్రౌటన్‌ది. కొత్త డాక్టర్ రూపం ఒక్కటే కాదు, స్వభావం కూడా వేరు. పాతాయన గంభీరుడైతే, ఈయన దేశదిమ్మరి వేషంలో చిలిపివాడు.

ఇది అవతారం కాదు, ఎందుకంటే మధ్యలో పుట్టుక లేదు. పరకాయ ప్రవేశమూ కాదు, ఎందుకంటే రెండో శరీరం లేదు. అదే మనిషి, అవే జ్ఞాపకాలు, వేరే దేహం, వేరే గుణం. దీనికి అప్పట్లో స్థిరమైన పేరు కూడా లేదు. ఇప్పుడు అందరూ వాడే ‘రీజనరేషన్’ అన్న మాట 1974లో ‘ప్లానెట్ ఆఫ్ ది స్పైడర్స్’లో గానీ వినపడలేదు.

ప్రేక్షకులు నమ్ముతారా అన్న భయం తర్వాతి కథలో కనిపిస్తుంది. ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’లో డాక్టర్ తోటి ప్రయాణికులే ఆయన్ను అనుమానిస్తారు. ఆయన బద్ధశత్రువైన డాలెక్ మాత్రం చూడగానే గుర్తుపడుతుంది. స్నేహితులు తడబడినా శత్రువు పొరబడడు కదా! రచయితలు వేసిన ఆ చిన్న ఎత్తు పనిచేసింది. ఒక నటుడి అనారోగ్యం సీరియల్‌కు దీర్ఘాయువు పోసింది.

1969: ‘ది వార్ గేమ్స్’లో ఇంటి గుట్టు బయటపడింది

ఆరేళ్లపాటు డాక్టర్ ఎక్కడివాడో చెప్పకుండానే కథ నడిచింది. 1969 ఏప్రిల్ నుంచి జూన్ వరకు పది భాగాలుగా వచ్చిన ‘ది వార్ గేమ్స్’ ఆ ముడి విప్పింది. రచయితలు టెర్రన్స్ డిక్స్, మాల్కమ్ హల్క్. మొదట మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో మొదలైనట్టు కనిపించే కథ, చివరికి వేర్వేరు కాలాల సైనికుల్ని ఎత్తుకొచ్చి ఒకే గ్రహం మీద యుద్ధాలాడిస్తున్న కుట్రగా తేలుతుంది. వాళ్లందరినీ వాళ్ల వాళ్ల కాలాలకు చేర్చడం డాక్టర్ ఒక్కడివల్ల కాదు. గత్యంతరం లేక, తాను ఎవరి నుంచి పారిపోయి వచ్చాడో వాళ్లనే సాయం అడుగుతాడు. వాళ్లే టైమ్ లార్డ్స్, కాలాన్ని శాసించగలిగినా దేనిలోనూ వేలుపెట్టని జాతి.

వాళ్లు వస్తారు, పని చక్కబెడతారు, తర్వాత డాక్టర్‌ను బోనెక్కిస్తారు. నేరం: ఇతర లోకాల వ్యవహారాల్లో జోక్యం. చెడును చూస్తూ ఊరుకోవడమే అసలు నేరమన్నది ఆయన వాదన. శిక్షగా రూపం మార్చి భూమికి ప్రవాసం పంపుతారు. తోటి ప్రయాణికులు జేమీ, జోయీలకు ఆయనతో గడిపిన కాలం దాదాపు పూర్తిగా మరుపుకొచ్చేలా చేసి ఇళ్లకు పంపేస్తారు. సీరియల్ చరిత్రలో బాగా కలచివేసే వీడ్కోళ్లలో అదొకటి.

ఇక్కడా తెర వెనక కారణముంది. 1970 నుంచి సీరియల్ రంగుల్లోకి మారుతోంది, ఖర్చు పెరుగుతోంది. డాక్టర్‌ను భూమికే పరిమితం చేస్తే వారానికో కొత్త గ్రహం కట్టే ఖర్చు తగ్గుతుంది. అలా బడ్జెట్ లెక్క ఒక జాతికి, ఒక న్యాయస్థానానికి, ఒక గతానికి జన్మనిచ్చింది. రెండు గుండెల సంగతి 1970లో ‘స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్’లో బయటపడింది. పదో వార్షికోత్సవ కథ ‘ది త్రీ డాక్టర్స్’ ముగ్గురు డాక్టర్లను ఒకచోట చేర్చి, ప్రవాస శిక్షను రద్దు చేసింది. గ్యాలిఫ్రే అన్న గ్రహం పేరు 1973 డిసెంబర్‌లో మొదలైన ‘ది టైమ్ వారియర్’ వరకు ఎవరూ పలకలేదు. అంటే సొంత ఊరి పేరు తెలియడానికే పదేళ్లు పట్టింది.

1975: ‘జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్’లో శత్రువు పుట్టుక

గ్రహాంతర రాక్షసులు ఉండకూడదన్నది న్యూమన్ తొలినాటి నియమం. 1963 డిసెంబర్‌లోనే టెర్రీ నేషన్ డాలెక్‌లతో ఆ నియమం చెల్లాచెదురైంది. ఉప్పు చల్లే డబ్బా ఆకారపు లోహపు కవచంలో దాక్కున్న వికృత జీవులు పిల్లల్ని సోఫాల వెనక్కి పరుగెత్తించాయి. సీరియల్‌ను నిలబెట్టింది కూడా అవే. ఆ తొలి కథ ప్రకారం డాలెక్‌లు అణుయుద్ధం తర్వాత రూపు చెడిన ‘డాల్’ అనే జాతి వారసులు.

పన్నెండేళ్ల తర్వాత అదే నేషన్ రాసిన ఆరు భాగాల ‘జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్’ ఆ చరిత్రను తిరగరాసింది. జాతి పేరు ‘కాలెడ్’ అయింది. అక్షరాలు అటూ ఇటూ చేస్తే డాలెక్ అవుతుంది. డాలెక్‌లు యుద్ధం వల్ల అనుకోకుండా పుట్టినవి కావు. డావ్రోస్ అనే శాస్త్రవేత్త జాలి, దయ తీసేసి కావాలని తయారు చేసినవి. నాజీ జర్మనీ ఛాయలు యూనిఫారాల్లో, సెల్యూట్లలో, జాతి స్వచ్ఛత మాటల్లో దాపరికం లేకుండా కనిపిస్తాయి.

కానీ ఈ కథ నిలిచింది డావ్రోస్ ఒక్కడి వల్ల కాదు. డాలెక్‌లు పుట్టకముందే అంతం చేయమని టైమ్ లార్డ్స్ డాక్టర్‌ను పంపుతారు. చివరికి ఆ అవకాశం చేతికొస్తుంది. రెండు తీగలు కలిపితే చాలు, పుట్టబోయే డాలెక్‌లన్నీ అంతం. టామ్ బేకర్ పోషించిన డాక్టర్ అక్కడ ఆగిపోతాడు. ఒక జాతిని మొత్తంగా తుడిచిపెట్టే హక్కు తనకుందా? అలా చేస్తే తనకూ వాటికీ తేడా ఏమిటి? కురుక్షేత్రంలో విల్లు కింద పెట్టిన అర్జునుడి సందేహానికి ఇది దూరపు చుట్టం. తేడా ఏమిటంటే, ఇక్కడ సమాధానం చెప్పడానికి సారథి లేడు.

పిల్లల సీరియల్‌లో ఈ ప్రశ్న వేసిన తర్వాత డాక్టర్ పాత్రే మారిపోయింది. అంతవరకు సాహసయాత్రికుడు. ఇకపై ధర్మసంకటం మోసే మనిషి. 2005 తర్వాత వచ్చిన మహాయుద్ధ గాథకు తొలి అడుగు ఈ కథే అని తర్వాతి రచయితలు చెప్పుకున్నారు.

1976: ‘ది డెడ్లీ అసాసిన్’పై అభిమానులకు వచ్చిన కోపం

‘ది వార్ గేమ్స్’లో టైమ్ లార్డ్స్ దేవుళ్లలా కనిపించారు. రాబర్ట్ హోమ్స్ రాసిన ‘ది డెడ్లీ అసాసిన్’ (1976 అక్టోబర్-నవంబర్) వాళ్లను నేలమీదికి దించింది. గ్యాలిఫ్రే అంటే బరువైన అంగీలు తొడుక్కుని, పదవుల కోసం పోట్లాడుకుంటూ, అవమానకరమైన నిజాల్ని రికార్డుల నుంచి సర్దేసే వృద్ధుల సభ అని తేలింది. అధ్యక్షుడి హత్య, నింద డాక్టర్ మీద. చనిపోయిన టైమ్ లార్డ్స్ జ్ఞాపకాలన్నీ నిక్షిప్తమైన కంప్యూటర్ లోకంలోకి డాక్టర్ ప్రవేశిస్తాడు. దాని పేరు ‘మేట్రిక్స్’. ఆ పేరుతో హాలీవుడ్ సినిమా రావడానికి ఇంకా 23 ఏళ్లుంది.

ఈ కథలోనే ఒక చిన్న వాక్యం దొర్లింది. టైమ్ లార్డ్ 12 సార్లు మాత్రమే రూపం మార్చుకోగలడు. పాత శత్రువు మాస్టర్ చావు అంచున ఎందుకున్నాడో చెప్పడానికి హోమ్స్ వాడుకున్న అవసరం అది. అప్పటికి డాక్టర్ నాలుగో రూపంలో ఉన్నాడు. పదమూడో రూపం దాకా సీరియల్ నడుస్తుందని ఎవరు అనుకుంటారు?

అభిమానులు మండిపడ్డారు. అప్పుడే ఏర్పడిన అభిమాన సంఘం అధ్యక్షుడు, సీరియల్‌లోని మాయ ఏమైపోయిందని కటువుగా సమీక్ష రాశాడు. డాక్టర్ తలను నీళ్లలో ముంచే దృశ్యంపై నైతిక ప్రమాణాల ఉద్యమకారిణి మేరీ వైట్‌హౌస్ ఫిర్యాదు చేశారు. విచిత్రమేమిటంటే, కొన్నేళ్లకు అదే కథ గ్యాలిఫ్రే గురించి ప్రామాణిక గ్రంథంలా మారింది. తర్వాతి రచయితలంతా ఆ అంగీలు, ఆ సభ, ఆ 12 లెక్క ఆధారంగానే రాశారు. ఒక తరం అపచారమన్నది మరో తరానికి సంప్రదాయమైంది.

అదే ఏడాది జనవరిలో వచ్చిన ‘ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’లో మరో విత్తనం పడింది. మనోబలాల పోటీలో తెరమీద డాక్టర్ పాత ముఖాలు ఒక్కొక్కటిగా వెనక్కి వెళతాయి. హార్ట్‌నెల్‌తో ఆగిపోవాలి. ఆగలేదు. ఇంకో ఎనిమిది ముఖాలు వచ్చాయి. అవి నిర్మాణ బృందంలోనివారే వేషాలు వేసుకుని దిగిన ఫొటోలు. తొలి డాక్టర్‌కు ముందు మరికొందరు డాక్టర్లున్నారని నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్ ఉద్దేశం. అభిమానులు అవి మోర్బియస్ ముఖాలని సర్దిచెప్పుకుని ఆ సంగతి పక్కన పెట్టారు. ఆ విత్తనం 44 ఏళ్లు నేలలోనే ఉంది.

1996: నిలవని మార్పు

మార్పులన్నీ నిలవవు అనడానికి మంచి ఉదాహరణ 1996 టీవీ సినిమా. 1989లో ఆగిపోయిన సీరియల్‌ను అమెరికా భాగస్వామ్యంతో బతికించే ప్రయత్నమది. పాల్ మెగాన్ నటించిన ఈ సినిమాలో, డాక్టర్ తల్లి భూలోకవాసి, అంటే ఆయన సగం మనిషి అన్న మాట వచ్చింది. సీరియల్ పునరుద్ధరణ జరగలేదు, ఆ మాటనూ తర్వాత ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎవరూ దాన్ని రద్దు చేయలేదు. వాడుకోలేదు, అంతే. మెగాన్ డాక్టర్‌ను మాత్రం అందరూ ఎనిమిదో డాక్టర్‌గా అంగీకరించారు.

2005, 2013: గ్రహాన్ని కాల్చడం, తిరిగి తేవడం

2005 మార్చి 26న రస్సెల్ టి. డేవీస్ సీరియల్‌ను మళ్లీ మొదలుపెట్టారు. కొత్త ప్రేక్షకులకు 26 ఏళ్ల పాత చరిత్ర ఎలా చెప్పాలి? ఆయన చెప్పలేదు, కాల్చేశారు. క్రిస్టఫర్ ఎక్లెస్టన్ డాక్టర్ రెండో ఎపిసోడ్ ‘ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్’లో తన గ్రహం యుద్ధంలో బూడిదైందని, తానే చివరివాణ్ననీ చెబుతాడు. డాలెక్‌లకూ టైమ్ లార్డ్స్‌కూ మధ్య జరిగిన ఆ యుద్ధం తెరమీద జరగలేదు. దాని గాయం మాత్రం ప్రతి సన్నివేశంలో కనిపిస్తుంది. రెండు జాతుల్నీ అంతం చేసింది డాక్టరే అని క్రమంగా తెలుస్తుంది. 1975లో రెండు తీగల ముందు ఆగిన చెయ్యి ఈసారి ఆగలేదన్నమాట.

ఎనిమిదేళ్లపాటు ఆ అపరాధభావమే కథకు ఇరుసు. 2013 నవంబర్ 23న, యాభయ్యో పుట్టినరోజున, స్టీవెన్ మోఫట్ రాసిన ‘ది డే ఆఫ్ ది డాక్టర్’ 94 దేశాల్లో ఒకేసారి ప్రసారమై గిన్నిస్ రికార్డు సాధించింది. యుద్ధంలో పోరాడిన, తనను తాను డాక్టర్ అని పిలుచుకోని ఒక రహస్య రూపాన్ని జాన్ హర్ట్ పోషించారు. ఆ మీట నొక్కబోయే క్షణానికి తర్వాతి డాక్టర్లు తిరిగి వస్తారు. అన్ని రూపాలూ కలిసి గ్యాలిఫ్రేను కాల్చకుండా దాచేస్తారు. కానీ హర్ట్ డాక్టర్‌కు ఆ సంగతి గుర్తుండదు. కాల్చేశాననే అనుకుని నాలుగు వందల ఏళ్లు బాధపడతాడు.

ఇందులోని నేర్పు గమనించదగ్గది. పాత ఎపిసోడ్లలో ఒక్కటీ అబద్ధం కాలేదు. డాక్టర్ పడిన బాధ నిజం, దాని కారణమే నిజం కాదు. ఇది కొందరికి ఊరటనిచ్చింది. మరికొందరికి, చేసిన పాపం బరువు దింపేసినట్టు అనిపించి నచ్చలేదు. వాదన ఇంకా ఉంది.

పన్నెండు లెక్క కూడా ఇక్కడే మెడకు చుట్టుకుంది. హర్ట్ రూపాన్ని, 2008లో మధ్యలో ఆగిన ఒక రీజనరేషన్‌ను కలిపితే, మ్యాట్ స్మిత్ డాక్టర్‌కు ఇక జన్మలు లేవు. అదే ఏడాది క్రిస్మస్ రోజు వచ్చిన ‘ది టైమ్ ఆఫ్ ది డాక్టర్’లో టైమ్ లార్డ్స్ ఆయనకు కొత్త జన్మల వరుసను ప్రసాదిస్తారు. 1976లో ఒక రచయిత అవసరానికి వాడిన వాక్యానికి 37 ఏళ్ల తర్వాత మరో రచయిత వడ్డీతో సహా చెల్లించాల్సి వచ్చింది.

2014-2017: ‘ఆయన’ ఆమె అయ్యింది

2014లో ‘డార్క్ వాటర్’లో మాస్టర్ మహిళగా, మిస్సీ పేరుతో కనిపించాడు. 2015లో ‘హెల్ బెంట్’లో ఒక టైమ్ లార్డ్ సేనాని పురుష రూపం నుంచి నల్లజాతి మహిళగా మారడం కళ్లముందే చూపించారు. దారి సిద్ధమయ్యాక, 2017 క్రిస్మస్ రోజు జోడీ విట్టేకర్ తొలి మహిళా డాక్టర్‌గా తెరమీదికి వచ్చారు. ఈ మార్పుపై వాగ్వాదం పెద్దదే అయినా, కథ లెక్క ప్రకారం ఇది కొత్త నియమమేమీ కాదు. 1966లో శరీరం, స్వభావం రెండూ మారవచ్చన్నప్పుడే ఈ తలుపు తెరుచుకుంది.

ఆమె తొలి సీజన్‌లో భారతీయ ప్రేక్షకులు తప్పక చూడాల్సింది వినయ్ పటేల్ రాసిన ‘డీమన్స్ ఆఫ్ ది పంజాబ్’. 1947 ఆగస్టు, దేశ విభజన గీత పడుతున్న వేళ, ఒక హిందూ యువకుడికీ ముస్లిం యువతికీ పెళ్లి. అక్కడ రాక్షసులనుకున్న గ్రహాంతరవాసులు నిజానికి దిక్కులేని చావులకు సాక్షులుగా నిలబడటానికి వచ్చినవారు. చంపేది ఇరుగుపొరుగు. డాక్టర్ ఈ కథలో చరిత్రను మార్చదు, మార్చలేదు. సీరియల్ నియమాల్లో ఇదేమీ కదిలించలేదు, చూసినవాళ్లను కదిలించింది.

2020: ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’తో తెగని వాదన

2020 జనవరి 26న ‘ఫ్యుజిటివ్ ఆఫ్ ది జుడూన్’లో జో మార్టిన్ హఠాత్తుగా డాక్టర్‌గా బయటపడ్డారు. ఈ రూపం విట్టేకర్ డాక్టర్‌కు గుర్తే లేదు. ఆ పాత్ర వేసిన తొలి నల్లజాతి నటి ఆమె. మార్చి 1న క్రిస్ చిబ్నల్ రాసిన ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’ దానికి కారణం చెప్పింది. డాక్టర్ అసలు గ్యాలిఫ్రే బిడ్డ కాదు. ఎక్కడి నుంచో వచ్చి ఒంటరిగా దొరికిన పాప. పెంచుకున్న శాస్త్రవేత్త టెక్ట్యూన్ ఆ పాప రూపాలు మార్చుకునే శక్తిని పరిశోధించి, తన జాతికి ఎక్కించింది. పన్నెండు అన్న పరిమితి కూడా వాళ్లు పెట్టుకున్నదే. ఆ తర్వాత పాప జ్ఞాపకాలు చెరిపేశారు. అంటే హార్ట్‌నెల్ తొలి డాక్టర్ కాదు. 1976లో మోర్బియస్ పోటీలో కనిపించిన ఎనిమిది ముఖాలు చివరికి లెక్కలోకి వచ్చాయి.

ఈ నిజాన్ని డాక్టర్‌కు చెప్పే మాస్టర్ పాత్రధారి సచా ధావన్. 2013లో సీరియల్ పుట్టుకపై బీబీసీ తీసిన ‘యాన్ అడ్వెంచర్ ఇన్ స్పేస్ అండ్ టైమ్’లో ఆయనే వారిస్ హుస్సేన్‌గా నటించారు. తొలి ఎపిసోడ్‌కు దర్శకత్వం వహించిన పాత్రలో కనిపించిన నటుడే, అది తొలి అధ్యాయం కాదని చెప్పడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటగా ఉంటుంది.

విమర్శకుల అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. డాక్టర్ గొప్పతనం మామూలుతనంలో ఉంది, పుట్టుకలో కాదు, విసుగెత్తి ఇల్లు విడిచిన ఒక టైమ్ లార్డ్ మంచివాడిగా ఉండాలని ఎంచుకోవడమే కథ, ఇప్పుడాయన్ను జన్మతః విశిష్టుణ్ని చేశారన్నది వారి మాట. సమర్థకులు దీన్ని దత్తత బిడ్డల కథగా చదివారు. పుట్టుక దాచిపెట్టి, శరీరాన్ని వాడుకున్న బిడ్డ తన గతాన్ని తిరిగి అడిగే కథ అది అన్నారు.

మన కర్ణుణ్ని గుర్తు చేసుకుంటే ఈ వాదన సులువుగా అర్థమవుతుంది. యుద్ధానికి ముందు కృష్ణుడు, తర్వాత కుంతి చెప్పిన జన్మరహస్యం కర్ణుడి కథనంతా వెనక్కి తిరిగి వెలిగిస్తుంది. అయినా అతను పక్షం మారడు. రాధేయుడిగానే ఉంటాడు. అందుకే ఆ రహస్యం అతన్ని చిన్నబుచ్చలేదు. విట్టేకర్ డాక్టర్ కూడా చివరికి అదే చోటికి వస్తుంది. తెలియని గతం తనను తగ్గించదని నిర్ణయించుకుంటుంది. తిరిగొచ్చిన డేవీస్ ఈ మార్పును చెరిపేయలేదు. 2023 క్రిస్మస్ ఎపిసోడ్‌లో న్చూటీ గట్వా డాక్టర్, తానూ దత్తత బిడ్డనేనని మామూలు మాటలా చెప్పేస్తాడు. ఒక మార్పు నిలిచిందనడానికి గుర్తు అదే. దాని గురించి వాదించడం మానేసి, దాన్ని వాడుకోవడం మొదలవుతుంది.

పోయిన టేపులు, మిగిలిన గొంతులు

ఈ సీరియల్ ‘గ్రంథం’ పూర్తిగా లేదన్న సంగతి చాలామందికి తెలియదు. 1960, 70 దశకాల్లో బీబీసీ పాత టేపుల్ని చెరిపి మళ్లీ వాడుకుంది. టేపులు ఖరీదు, పునఃప్రసారానికి హక్కుల ఇబ్బందులు, నిల్వకు చోటు లేదు. విదేశాలకు అమ్మిన ఫిల్మ్ ప్రతుల్లో కొన్ని తర్వాత దొరికాయి. 2013లో నైజీరియాలో దొరికిన 9 ఎపిసోడ్లు వాటిలోవే. అయినా తొంభైకి పైగా ఎపిసోడ్లు లేకుండానే ఉన్నాయి. మొదటి రీజనరేషన్ జరిగిన ‘ది టెన్త్ ప్లానెట్’ నాలుగో భాగమే పూర్తిగా దొరకలేదు. ఆ రూపం మారే క్షణం మాత్రం ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమంలో వాడుకోవడం వల్ల మిగిలింది.

బొమ్మ పోయినా ధ్వని పోలేదు. అప్పటి పిల్లలు కొందరు టీవీ ముందు మైకు పెట్టి రికార్డు చేసుకున్నారు. పోయిన ప్రతి ఎపిసోడ్‌కూ శబ్దం ఉంది. టెర్రన్స్ డిక్స్ లాంటివాళ్లు రాసిన నవలా రూపాల ద్వారా ఒక తరం ఆ కథల్ని చదువుకుని గుర్తుపెట్టుకుంది. అంటే అచ్చమైన తెర సీరియల్‌లో కూడా ఒక భాగం విని, చెప్పుకుని, గుర్తుంచుకున్న కథే.

ఏది నిలుస్తుంది?

ఇందులో ఏది ప్రామాణికం అన్నదానిపై బీబీసీ అధికారిక జాబితా ఏదీ ఇవ్వలేదు. కాబట్టి తీర్పు తర్వాతి రచయితలది, ప్రేక్షకులది. అరవై ఏళ్ల చరిత్ర చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, పెద్ద మార్పుల్లో చాలావరకు ఇబ్బందిలోంచి పుట్టాయి. నటుడి ఆరోగ్యం, రంగు టీవీ ఖర్చు, కొత్త ప్రేక్షకులకు పాత చరిత్ర చెప్పలేకపోవడం. రెండోది, తర్వాతివాళ్లకు కొత్త కథలు చెప్పే చోటు ఇచ్చిన మార్పు నిలిచింది. రీజనరేషన్, టైమ్ లార్డ్స్, డావ్రోస్ నిలిచినవి. ఏ కథకూ పనికిరాని సగం మనిషి సంగతి మరుగున పడింది.

కొత్తగా చూడాలనుకునేవారు 1963 నుంచి వరుసగా మొదలుపెట్టనక్కర్లేదు. ‘జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్’, ఆ తర్వాత 2005 తొలి సీజన్, ‘ది డే ఆఫ్ ది డాక్టర్’ చూస్తే కథ వెన్నెముక తెలుస్తుంది. ‘ది వార్ గేమ్స్’, ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’ ఆ తర్వాత చూస్తే, ఒకదానికొకటి ఎలా సమాధానం చెప్పుకుంటున్నాయో అర్థమవుతుంది.

వేదమతి శాఖ లేకపోతే కథకు కట్టు ఉండదు. ఏది మారిందో తెలియడానికైనా ఏది ఉండేదో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. డాక్టర్ హూ అభిమానులు ఆ పని చేశారు. టేపులు లేనిచోట శబ్దాల్ని కాపాడింది వాళ్లే. కానీ కాపాలిక శాఖ లేకపోతే కథ 1966లో ఒక నటుడి అనారోగ్యంతోనే ముగిసిపోయేది.